నాలుగో దెబ్బ

పోయిన వారం మనం పెద్దమేస్త్రిని ఒక గేటు ముందు వదిలేసి వచ్చాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. వ్యాను ఇంజను ఆపలేదు, దిగనూ లేదు.

కుంగిన గచ్చుల్ని పైకి లేపడం, పగిలినవాటిని అతకడం ఆయన వృత్తి. ఊళ్లో ఏ వీధికి వెళ్లినా ఆయన చెయ్యి పడిన వాకిలి ఒకటైనా కనిపిస్తుంది. అలాంటి మనిషి ఒక గేటు చూసి జంకాడంటే కారణం ఉంది. పదకొండేళ్ల కిందట ఈ ఇంటి పెరట్లో కాంక్రీటు గచ్చు పోసింది ఆయనా, ఆయన తమ్ముడు చిన్నమేస్త్రీ. మొదటి వానాకాలానికే అది కుంగింది. పైకి నిలిచిన పలక అంచు కాలికి తగిలి, అప్పటి ఇంటాయన అత్తగారు పడి తుంటి విరగ్గొట్టుకుంది. నలుగురూ చేరి నిలదీస్తే పెద్దమేస్త్రి ఒకే మాట అన్నాడు. "కింద మట్టి గట్టిపడడానికి దిమ్మిస కొట్టింది మా తమ్ముడు." అంతే. వారం తిరక్కుండా చిన్నమేస్త్రి తన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇప్పుడు ఇల్లు చేతులు మారింది, వీధి పేరు కూడా మారింది. అందుకే, పెరటి గచ్చు కుంగిందని ఎవరో రిటైరైన నర్సు ఫోను చేసి చిరునామా చెబితే, గేటు దాకా వచ్చాక గానీ ఇది ఏ ఇల్లో ఆయనకి తెలియలేదు.

బండి చెడిపోయింది, రాలేను అని ఒక్క ఫోను కొడితే సరిపోయేది. ఆ అబద్ధం నోట్లో తయారుగానే ఉంది. ఈలోపే గేటు తెరుచుకుంది.

"మేస్త్రిగారేనా? పావుగంట నుంచి చూస్తున్నాను, దిగుతారేమోనని. జ్వరం బండికా, మీకా?"

నర్సమ్మ పొట్టి మనిషి. తల నెరిసింది, చేతులకి మాత్రం ఇంకా పనిలో ఉన్నంత చురుకు. గడియారాన్ని మణికట్టు లోపలి వైపుకి తిప్పి పెట్టుకుంది. నలభై ఏళ్ల పాటు ఎదుటివాళ్ల నాడి పట్టుకుని చూసిన అలవాటు.

"బండికేం లేదమ్మా," అన్నాడు ఇంజను ఆపుతూ. తన సంగతి చెప్పలేదు.

పక్క సీటు మీంచి సంచీ లాగాడు. ఆ సీటు గురించి ఒక మాట చెప్పుకోవాలి. అది చిన్నమేస్త్రి సీటు. అతను వెళ్లిపోయిన మొదటి వారం ఖాళీగా ఉండేది. మలుపు తిరిగినప్పుడల్లా పెద్దమేస్త్రి కళ్లు అటు పోయేవి. రెండో వారం దాని మీద పనిముట్ల సంచీ పెట్టాడు. తర్వాత బకెట్టు, రసమట్టం, భోజనం డబ్బా వచ్చి చేరాయి. ఇప్పుడు అక్కడ చీమ కూర్చోడానికి చోటు లేదు, అయినా ఆయనకి అది ఖాళీగానే కనిపిస్తుంది. భార్య పోయి పదిహేనేళ్లు. పిల్లల్లేరు. ఉన్న ఒక్క తోడబుట్టినవాణ్ణి ఒక్క మాటతో పోగొట్టుకున్నాడు. ఒంటికాయ సొంఠికొమ్ములా బతుకుతున్నాడు. మాట్లాడాలనిపిస్తే వ్యాను వెనక ఉన్న పంపుతో మాట్లాడతాడు. "ఏరా, లేస్తావా?" అని పొద్దున్నే దాన్ని పలకరిస్తాడు. అది జవాబు చెప్పకపోవడం కూడా ఆయనకి అలవాటైపోయింది.

పెరట్లోకి నడిచారు. గచ్చు నాలుగు పలకలుగా ఉంది. మూడు బాగానే ఉన్నాయి. వంటింటి కిటికీ కింద గోడవారగా ఉన్న నాలుగోది మాత్రం గోడవైపు నాలుగు వేళ్ల లోతున కుంగి, ఇవతల అంచు పైకి లేచింది. మూల నుంచి మూలకి బీట వారింది. పాత యజమాని అప్పట్లో పైపైన సిమెంటు పూయించి సరిపెట్టుకున్నట్టున్నాడు, ఆ పూత పొక్కులుగా లేచి రాలుతోంది. పలక మధ్యలో ఒక కుర్చీ. అది పక్కకి ఒరిగిపోకుండా ఒక కాలి కింద దళసరి పుస్తకం.

"సాయంత్రం ఎండ ఈ మూలకే వస్తుంది," అంది నర్సమ్మ. "అందుకోసమే ఈ ఇల్లు తీసుకున్నాను. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ సాయంత్రం ఎండ ఎలా ఉంటుందో చూడలేదు. తీరా కూర్చుంటే కుర్చీ నన్ను గోడకేసి తోసేస్తోంది."

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"ఆ ప్రశ్న అడగడం నా పని, మీరు అడుగుతున్నారే! నేను వచ్చేటప్పటికే ఇంత ఉంది. పోసినవాళ్లెవరో పనికిమాలినవాళ్లై ఉంటారు. ఏమంటారు?"

పెద్దమేస్త్రి 'పోసింది నేనే' అని ఇక్కడ చెప్పేస్తే సగం బరువు దిగిపోయేది. కానీ పదకొండేళ్లుగా అరిగిన దారిలోనే నాలుక నడిచింది.

"కింద మట్టికి దిమ్మిస సరిగ్గా పడి ఉండదమ్మా. కొందరు అంతే. చెప్పింది చెప్పినట్టు చెయ్యరు."

నర్సమ్మ ఒక్కసారి వంటింటి కిటికీ వైపు చూసి, "పొయ్యి మీద నీళ్లు పెట్టాను," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆయన ఇనప కడ్డీ తీసి గచ్చు మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఈ పనిలో కంటికన్నా చెవి ముఖ్యం. కింద మట్టి ఆనుకుని ఉంటే గట్టి చప్పుడు వస్తుంది, లేకపోతే కుండ మీద కొట్టినట్టు డొల్లగా మోగుతుంది. జానెడుకి ఒక దెబ్బ చొప్పున కొడుతూ, డొల్ల మోగిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. గోడవార పలక దాదాపు సగం డొల్లే.

కడ్డీ చేతిలో ఉన్నప్పుడు తమ్ముడు గుర్తుకు రాని రోజు లేదు. ఇద్దరూ ఉన్న రోజుల్లో ఒకరు పెరట్లో గచ్చుకి వేసిన బెజ్జం దగ్గర గొట్టం పట్టుకుని కూర్చుంటే, ఒకరు వీధిలో సిమెంటు జావ తోసే పంపు దగ్గర ఉండేవారు. మధ్యలో ఇల్లు అడ్డం. కేకలు వేస్తే ఇరుగుపొరుగు తలుపులు తీసి చూస్తారు. అందుకని చిన్నమేస్త్రి ఒక పద్ధతి పెట్టాడు. బెజ్జంలో గొట్టం బిగించాక కడ్డీతో గచ్చు మీద మూడు దెబ్బలు వెంటవెంటనే కొట్టేవాడు. 'నేను సిద్ధం, నువ్వో?' అని దాని అర్థం. వీధిలోంచి పెద్దమేస్త్రి ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఆ నాలుగో దెబ్బ పడితేనే పంపు కదలాలి. ఒక్కోసారి అన్నయ్య పరధ్యానంలో ఉంటే చిన్నమేస్త్రి మళ్లీ మూడు కొట్టి, ఇంకా పలక్కపోతే ఇల్లు చుట్టి పరిగెత్తుకొచ్చి, "ఏం అన్నయ్యా, నిద్రపోయావా?" అని నవ్వేవాడు. ఇప్పుడు పెద్దమేస్త్రి తనే గొట్టం బిగించి, తనే ఇల్లు చుట్టి వెళ్లి, తనే పంపు వేసి, మళ్లీ తనే పరిగెత్తుకుంటూ వెనక్కి వస్తాడు. అడిగేవాడు లేడు, జవాబు చెప్పాల్సిన పనీ లేదు.

డ్రిల్లు బిగించి మూడు బెజ్జాలు వేశాడు. ఆ తర్వాత చేయాల్సింది తేలికే. సిమెంటూ, మెత్తటి మట్టీ, నీళ్లూ జావలా కలిపి, ఆ బెజ్జాల్లోంచి ఒత్తిడితో కిందికి పంపిస్తే, ఖాళీ నిండి పలక నెమ్మదిగా పైకి లేస్తుంది. వేలెడు వేలెడు చొప్పున, తొందర లేకుండా లేపాలి. సాయంత్రానికి నర్సమ్మ కుర్చీ కింద పుస్తకం తీసేసుకోవచ్చు.

మూడో బెజ్జంలో కడ్డీ దింపి లోతు చూశాడు. జానెడు కిందికి గాలిలో దిగి అడుగున దేనికో తగిలింది. ఠంగుమంది. రాయేమో అనుకుని పక్కకి జరిపి పొడిచాడు, అక్కడా అంతే. మొదటి బెజ్జంలోనూ, రెండో దాంట్లోనూ అంతే. అది రాయి కాదు, మట్టి. రాయిలా అయ్యేదాకా దిమ్మిస కొట్టిన మట్టి. రెండు రోజులు చొక్కా విప్పి, అరచేతులకి గుడ్డలు చుట్టుకుని చిన్నమేస్త్రి కొట్టిన మట్టి.

కడ్డీ పైకి లాగాడు. కొస తడిగా ఉంది. వాన పడి నాలుగు రోజులైంది. తడి మట్టిలో అంటుకుని ఒక ఎండుటాకు కూడా పైకి వచ్చింది. కాంక్రీటు కింద, జానెడు లోతున, ఆకు.

పెద్దమేస్త్రి ఆ ఆకుని వేళ్ల మధ్య పట్టుకుని తలెత్తి చూశాడు. ఇంటి కప్పు అంచు పొడవునా వాననీరు పట్టే తొట్టి, దాంట్లో అక్కడక్కడ చిక్కుకున్న ఆకులు. తొట్టి నుంచి గోడ వెంబడి కిందికి దిగిన గొట్టం. అది నేలలోకి దిగి, మలుపు తిరిగి, గచ్చు కిందుగా వీధి కాలవకి పోవాలి.



వెళ్లి పంపు దగ్గర నిలబడ్డాడు. చెయ్యి మీట మీద వేశాడు. ఇప్పుడు ఈ మీట నొక్కితే చాలు. జావ వెళ్లి ఖాళీ అంతా నిండుతుంది, గోడవార ఏముందో ఇక ఏ నరమానవుడికీ తెలియదు. తప్పు తమ్ముడిదిగానే ఉండిపోతుంది. తన మంచి పేరు, పదకొండేళ్ల కోపం, 'వాడే వస్తాడులే, తప్పు వాడిది కదా' అని కాళ్లు బారజాపుకుని ఎదురుచూసిన రోజులు, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. తవ్వితే అవన్నీ పోతాయి. పోయాక మిగిలేదేమిటో ఆయనకి తెలియదు.

"ఏరా," అన్నాడు పంపుతో. "ఏం చెయ్యమంటావు?"

పంపు ఎప్పట్లాగే ఊరుకుంది.

గచ్చు కుంగితే ముందు నీళ్లెక్కడికి పోతున్నాయో చూడు, ఆ తర్వాతే పంపు ముట్టుకో అని తమ్ముడికి నేర్పింది తనే. చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, వందసార్లు. మీట మీంచి చెయ్యి తీసి, పార అందుకున్నాడు.

కిటికీ దగ్గరికి వెళ్లి పిలిచాడు. "అమ్మా, గోడవార కాస్త తవ్వాలి. ఆ పూలకుండీలు జరపనా?"

నర్సమ్మ మొహం కిటికీలో కనిపించింది. "తవ్వడం ఎందుకు? పంపుతో లేచిపోతుందని ఫోనులో అన్నారుగా?"

"లేస్తుంది. వచ్చే ఏడు మళ్లీ కూర్చుంటుంది."

ఆవిడ ఆయన వైపు అవసరమైనదానికన్నా ఎక్కువసేపే చూసింది. "అయితే తవ్వండి," అని గబుక్కున లోపలికి తిరిగింది. ఆవిడ వెనక, వంటింటి బల్ల మీద రెండు టీ కప్పులు పెద్దమేస్త్రి కంట పడ్డాయి. ఒక్క మనిషికి రెండు కప్పులు! ఆయనకి ఆశ్చర్యం వెయ్యలేదు, జాలేసింది. ఆయనా అప్పుడప్పుడూ పరాకున రెండు గ్లాసుల్లో టీ పోసుకుంటాడు. రెండోది చల్లారిపోయాక పారబోస్తాడు.

గోడకీ పలకకీ మధ్య మూరెడు వెడల్పు మట్టి ఉంది. తవ్వడం మొదలుపెట్టాడు. మోకాలి లోతు, తర్వాత తొడ లోతు. మట్టి తీసేకొద్దీ బురద. చివరికి పార కొస గొట్టానికి తగిలింది. చేతులతో తడిమి బురద తప్పించాడు.

పైనుంచి దిగిన గొట్టం నోరు తెరుచుకుని ఉంది. వీధికి పోవాల్సిన గొట్టం జానెడు దూరంలో మట్టి నిండిన నోటితో పడుకుని ఉంది. ఆ రెంటినీ కలిపే ఎల్బో, చేతి మడతలా వంగి ఉండే ఆ చిన్న ముక్క, లేదు. పదకొండు వానాకాలాల నీళ్లు ఇక్కడే పడి, కొట్టిన మట్టిని పొర పొరగా కోసుకుంటూ పలక కిందికి బిలం చేసుకుని పోయాయి. దిమ్మిస పని చేసింది. కాబట్టే అంత నీటికి కూడా ఒక్క పలకే కుంగింది.

గొట్టం పని పెద్దమేస్త్రిది.

ఆ రోజు మొత్తం గుర్తొచ్చింది. ఎల్బో కోసం వ్యానంతా వెతికాడు, దొరకలేదు. కొట్టుకి వెళ్లి తెద్దామనుకునేలోపే కాంక్రీటు లారీ వచ్చి వీధిలో హారను మోగించింది. కాంక్రీటు ఆగదు, గట్టిపడిపోతుంది. గుంత మీద ఒక చెక్క కప్పి, పైన మట్టి లాగి, తర్వాత చూద్దాం అనుకున్నాడు. అప్పుడు చిన్నమేస్త్రి పెరట్లోంచి అరిచి అడిగాడు కూడా. "అన్నయ్యా, గొట్టం అయిందా?" తను అన్నాడు. "అయింది, నువ్వు పోయించు."

నిజానికి ఆ గుంతలో నిలబడ్డ మనిషి నెత్తిన పిడుగు పడ్డట్టు అయిపోవాలి. పెద్దమేస్త్రి అలా అయిపోలేదు. తల దించుకుని, ఆ తెరిచిన గొట్టం నోట్లో వేళ్లు పెట్టి ఊరికే నిలబడ్డాడు. అంతగా ఎందుకు ఉలిక్కిపడలేదో ఆయనే చెబుతాడు.

"దొరికిందా?"

నర్సమ్మ గచ్చు అంచున నిలబడి ఉంది. చేతిలో ఒక కప్పు టీ, ఇంకో చేతిలో గుడ్డలో చుట్టినదేదో.

"దొరికిందమ్మా."

"అయితే ఇది మీకు ఇవ్వాలి." టీ పక్కన పెట్టి, గుడ్డ విప్పి ఆయన బురద చేతిలో పెట్టింది.

ఎల్బో. పాతది, వాడనిది. దాని నడుము మీద ఎర్ర రంగు చుక్క. అన్నదమ్ముల సామాను కలిసిపోకుండా అన్న వస్తువుల మీద ఎర్ర చుక్క, తమ్ముడి వస్తువుల మీద పచ్చ చుక్క పెట్టేవారు.



"మీకన్నా ముందు ఇంకో మేస్త్రిని పిలిచాను," అంది నర్సమ్మ గచ్చు అంచు మీద కూర్చుంటూ. "పోయిన వారం వచ్చాడు. కొట్టి చూశాడు. చూసి, ఇదిగో ఈ కుర్చీలోనే చాలాసేపు కూర్చుండిపోయాడు. బీపీ పడిపోయిందేమోనని చెయ్యి కూడా పట్టుకుని చూశాను. తర్వాత అన్నాడు, 'దీన్ని నేను లేపకూడదమ్మా, మా అన్నయ్య లేపాలి' అని. మీ నంబరు ఆయనే ఇచ్చాడు. మర్నాడు ఇది తెచ్చి ఇచ్చాడు. 'మా అన్నయ్య వచ్చి పంపు వేసి లేపేసి పోతే ఏమీ అనకండి, పోనివ్వండి. తవ్వితే మాత్రం ఇది ఇచ్చి, ఒక్క మాట అడగండి' అన్నాడు."

"ఇది వాడికెక్కడ దొరికింది?"

"మీ వ్యానులోనే, పక్క సీటు కింద. ముసలావిడ పడ్డ రోజున, మీరు నలుగురిలో మాట్లాడుతుంటే, దిమ్మిస తెచ్చి చూపిద్దామని వ్యాను దగ్గరికి వెళ్లాడట. వెతుకుతుంటే కాలికి తగిలిందట. అర్థమైపోయింది. జేబులో వేసుకుని వచ్చి మీ మొహంలోకి చూశాడట. మీకు గుర్తొస్తుందేమో, మీరే చెబుతారేమోనని."

ఆ చూపు పెద్దమేస్త్రికి గుర్తుంది. జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడి, తమ్ముడు అలా చూస్తూ ఉన్నాడు. పొగరనుకున్నాడు తను. రెట్టించి మళ్లీ అన్నాడు, "చెప్పరా, దిమ్మిస కొట్టింది నువ్వు కాదూ?" అని. చిన్నమేస్త్రి, "నేనే," అన్నాడు. జేబులోంచి చెయ్యి తియ్యలేదు.

"ఏం అడగమన్నాడు?"

నర్సమ్మ రోగిని అడిగినట్టే అడిగింది, గొంతు పెంచకుండా, తగ్గించకుండా. "ఆ రోజు మీరు ఆ మాట అన్నప్పుడు, గొట్టం సంగతి మీకు తెలుసా? తెలిసే అన్నారా, మరిచిపోయి అన్నారా? పదకొండేళ్లుగా ఈ ఒక్కటే తేల్చుకోలేకపోతున్నాడట."

"మరిచిపోయానమ్మా," అన్నాడు వెంటనే. "ఒట్టు. లారీ హడావిడిలో పూర్తిగా మరిచిపోయాను. ఆ రోజు నాకు నిజంగా గుర్తు లేదు."

అది నిజం. నర్సమ్మ నమ్మింది కూడా. "సరే, అదే చెబుతాను," అని మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. ఆ మాట చేరితే చాలు. తమ్ముడు ఊపిరి పీల్చుకుంటాడు, బహుశా రేపో ఎల్లుండో వస్తాడు, పక్క సీటు మీది సంచీ తీసెయ్యొచ్చు. పెద్దమేస్త్రికి అంతా కళ్ల ముందు కనిపించింది. నోరు మూసుకుంటే చాలు, అంతా దక్కుతుంది.

ఆవిడ రెండడుగులు వేసింది.

"అమ్మా, ఆగండి. ఇంకా ఉంది."

ఆవిడ ఆగింది.

"వాడు వెళ్లిపోయిన రెండేళ్లకి ఒక ఇంట్లో గొట్టాలు కలుపుతున్నాను. సంచీలోంచి ఎల్బో తీశాను. తియ్యగానే చెయ్యి ఆగిపోయింది. ఇది, ఈ పెరడు, ఈ గుంత, పైన కప్పిన చెక్క, మొత్తం వచ్చేసింది కళ్ల ముందుకి." ఆయన ఎల్బోని అటూ ఇటూ తిప్పుతున్నాడు. "అప్పుడు నాకు తెలిసిందమ్మా. తెలిసి, లేదులే, తర్వాత వెళ్లి పెట్టే ఉంటానులే అనుకున్నాను. పెట్టలేదని తెలుసు. అయినా అనుకున్నాను. అనుకుని పని చేసుకున్నాను. మర్నాడు కూడా అనుకున్నాను. తర్వాత అనుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది, అంత బాగా తొక్కేశాను."

"అప్పుడైనా చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? పదిమందిలో దోషివి నువ్వని అనేసి, రెండేళ్లు పోయాక చెవిలో చెప్పనా, నేనేరా అని? ముఖం చెల్లలేదు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ తొమ్మిదేళ్లు చేశాను. ఇందాక మీతో కూడా అదే కూత కూశాను, దిమ్మిస సరిగ్గా పడలేదని." ఎల్బో తిప్పడం ఆపాడు. "వాడికి సగం నిజం చేరవెయ్యకండి. మొదటి రెండేళ్లూ మరిచిపోయాను. తర్వాత తొమ్మిదేళ్లూ దొంగనే."

నర్సమ్మ ఓదార్చలేదు, తిట్టలేదు. ఎండ జరిగి వచ్చి కుర్చీ ఒక చేతి మీద పడింది. పక్కింట్లో ఎవరో బట్టలు దులిపి ఆరేస్తున్న చప్పుడు.

"వాడెక్కడుంటున్నాడమ్మా?" అన్నాడు పెద్దమేస్త్రి. "చిరునామా ఇవ్వండి. ఇదంతా నేనే వెళ్లి చెప్పుకుంటాను."

"చెప్పాల్సిందంతా చెప్పేశారు," అంది ఆవిడ, చాలా నెమ్మదిగా. ఆవిడ చూపు వంటింటి కిటికీ మీదికి పోయింది.

పెద్దమేస్త్రి కూడా అటు తిరిగాడు. కిటికీ తెరిచే ఉంది. పొద్దుట్నుంచీ తెరిచే ఉంది. బల్ల మీద రెండు కప్పులు. ఒక కప్పు పక్కన, అరచేతికి గుడ్డ చుట్టుకున్న ఒక మగమనిషి చెయ్యి, వేళ్లు ముడిచి.

ఆ పిడికిలి లేచింది. బల్ల మీద మూడు దెబ్బలు పడ్డాయి, వెంటవెంటనే.



నాలుగోది తనది. పెద్దమేస్త్రి కడ్డీ కోసం చెయ్యి చాపాడు. అది పలక అవతలి అంచున, బెజ్జం పక్కన పడి ఉంది, అందలేదు. గుంతలోంచి పైకి రాబోతే బురద కాలు వదల్లేదు. పిలుద్దామంటే, పదకొండేళ్లుగా ఆ పిలుపు పలకని నోరు, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. లోపల కుర్చీ జరిగింది. అడుగులు వంటింట్లోంచి ముందు గదిలోకి పోయాయి. వీధి తలుపు గడియ తీసిన చప్పుడు.

"నిలబడి చూస్తారేం మేస్త్రిగారూ!" అని నర్సమ్మ అరిచింది.

ఒక కాలి బూటు బురదలోనే వదిలేసి, మోచేతుల మీద పాకి గచ్చు మీదికొచ్చి, కడ్డీ అందుకుని, ఉన్న బలమంతా పెట్టి ఆయన ఒక్క దెబ్బ కొట్టాడు. డొల్ల పలక ఇల్లంతా వినబడేలా మోగింది.

ఇంటి ముందు, గేటు దాకా పోయిన అడుగుల చప్పుడు ఆగింది. గేటు తెరుచుకోలేదు. అడుగులు వెనక్కీ రాలేదు.